గోంగూర పూల షర్బత్ – ఒక పరిశీలన

దప్పిక గొన్నవానికి నీరిచ్చుట పుణ్యమని అన్ని మతాలూ బోధించాయి. మన తెలుగు పల్లెలలో శ్రీరామనవమి నాడు బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకం పంచుతారు. మొహర్రం దినాలలో పీర్ల చావిడి వద్ద షర్బత్ పంచుతారు. హిజ్రీ 61లో, అనగా క్రీ. శ. 680లో, కర్బలా మైదానంలో దాహార్తితో అమరులైన వారి స్మృతికి అది చిహ్నం. రంజాన్ మాసంలో ఉపవాసం విరమించే వేళ ఖర్జూరం పక్కన షర్బత్ గ్లాసు ఉండనే ఉంటుంది. ఈ విధంగా మన ప్రాంతంలో చల్లని పానీయానికి ఒక సంస్కృతి ఉన్నది.

మెక్సికో దేశంలోనూ ఇటువంటి పానీయం ఒకటి కలదు. దాని పేరు ‘ఆగ్వా దె హమైకా’. ‘ఆగ్వా’ అంటే నీరు. ‘హమైకా’ అనేది జమైకా ద్వీపనామానికి స్పానిష్ ఉచ్చారణ. కెంపు వంటి రంగుతో, పులుపూ తీపీ కలిసిన రుచితో ఉండే ఈ పానీయాన్ని అక్కడి అంగళ్ళలో పెద్ద గాజు జాడీలలో నింపి అమ్ముతారు. ఇంగ్లీషు పుస్తకాలలో దీనిని ‘హైబిస్కస్ టీ’ అని వ్రాస్తారు. హైబిస్కస్ అనగా మందార అని చదువుకొన్న మన విద్యార్థి వెంటనే పెరటిలోని మందారచెట్టు వంక చూస్తాడు. కాని అతడు చూడవలసింది గోంగూర మడి వంక. మెక్సికో వారి ‘హమైకా’, మన పుల్లగోంగూర ఒకే మొక్క. ఈ విషయాన్ని వివరించి, ఆ షర్బత్‌ను మన ఇంటిలో చేసుకొనే విధానాన్ని తెలుపుటయే ఈ వ్యాసోద్దేశం.

మొక్క – పేర్లు

మందార, గోంగూర, బెండ, పత్తి, గంగరావి – ఇవన్నీ మాల్వేసీ అనే ఒకే కుటుంబానికి చెందినవి. స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో మందారకు హైబిస్కస్ రోజా-సైనెన్సిస్ అనీ, పుల్లగోంగూరకు హైబిస్కస్ సబ్డారిఫా అనీ నామకరణం చేశాడు. నార కొరకు పెంచే గోగు జాతి మరొకటి కలదు. అది హైబిస్కస్ కన్నాబినస్. గోగు, కూర అనే రెండు పదాల కలయికతో ‘గోంగూర’ ఏర్పడింది. కూర కొరకు ఆకును, తాడు కొరకు నారను మన పూర్వులు ఈ మొక్కల నుండే గ్రహించారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో గోగునార పంటకు ప్రాముఖ్యం ఉండేది.

ఉర్దూలో గోంగూరను అంబాడా అంటారు. హైదరాబాదు ముస్లిముల ఇండ్లలో అంబాడా గోష్త్ అనేదీ, మన జిల్లాలలో గోంగూర మాంసం అనేదీ ఒక్కటే. మందారను ఉర్దూలో గుడ్‌హల్ అంటారు. యునానీ వైద్యులు చేసే షర్బత్‌లలో గుడ్‌హల్ షర్బత్ ఒకటి. అయితే మందార రేకులలో పులుపు లేదు, జిగురు ఉన్నది. అందువలన దానికి నిమ్మరసం చేర్చవలసి వస్తుంది. గోంగూరకు ఆ అవసరం లేదు. పులుపు దాని సహజగుణం.

వాడే భాగం ఏది?

‘గోంగూర పూలు’ అని వ్యవహారంలో అంటున్నాము గాని, షర్బత్‌కు ఉపయోగించేది పూరేకులను కాదు. గోంగూర పువ్వు లేత పసుపు వన్నెతో, నడుమ ముదురు ఎరుపు మచ్చతో పూచి, ఒక్కరోజులోనే వాడిపోతుంది. ఆ పిమ్మట దాని క్రింది రక్షకపత్రావళి కండపట్టి, ఎర్రబడి, లోపలి కాయను దొప్పవలె కప్పివేస్తుంది. ఆ ఎర్రని దొప్పలే షర్బత్‌కు ముడిపదార్థం. నారగోగుకు ఈ కండ ఉండదు. దాని రక్షకపత్రాలు పలుచగా, నూగుతో ఉంటాయి. కనుక ఎర్రకాడ పుల్లగోంగూరనే ఎన్నుకోవాలి.

పగటి కాలం తగ్గినప్పుడు పూచే స్వభావం గల మొక్క ఇది. తొలకరికి విత్తినది శరత్కాలంలో పూసి, మార్గశిర పుష్య మాసాలకు ఎర్రదొప్పలతో నిండుతుంది. సరిగా నూజివీడు తోటలలో మామిడి పూత కనిపించే కాలమది. దొప్పలను అప్పుడు ఎండబెట్టి దాచితే, రసాలు, బంగినపల్లి పండ్లు కోతకు వచ్చే మండువేసవికి షర్బత్ సిద్ధంగా ఉంటుంది. అయితే మనం ఆకు కోసుకొన్నాక మొక్కను సాధారణంగా పట్టించుకోము. విత్తనానికి విడిచిన నాలుగు మొక్కల దొప్పలతో కొన్ని ఇండ్లలో పచ్చడి చేస్తారు. తక్కిన చోట్ల విత్తనం రాల్చుకొని దొప్పను పారవేస్తారు.

ఇచ్చిపుచ్చుకొన్న చరిత్ర

ఆంధ్రులకు ప్రాణప్రదమైన గోంగూరకు జన్మస్థానం ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులలో అధికుల అభిప్రాయం. ఈనాటికీ సూడాన్, ఈజిప్టు దేశాలలో దీని పానీయాన్ని కర్కదే అంటారు. సెనెగల్‌లో బిస్సాప్, నైజీరియాలో జోబో అంటారు. జమైకాలో అల్లం చేర్చి క్రిస్మస్ పండుగకు త్రాగుతారు. మెక్సికోలో ఈ పంటకు ప్రసిద్ధి పొందిన రాష్ట్రం గెర్రేరో. ఆ రాష్ట్రంలోనిదే అకపుల్కో రేవు. 1565 నుండి 1815 వరకు ఫిలిప్పైన్ దీవుల మనీలా నుండి స్పెయిన్ వారి ఓడలు ఆ రేవుకే చేరేవి. మన దేశపు ఫలమైన మామిడి మెక్సికోకు ఆ దారినే వెళ్ళింది. అక్కడ ఒక మామిడి రకానికి నేటికీ ‘మనీలా’ అనే పేరు నిలిచి ఉన్నది.

మెక్సికో మనకిచ్చినది మిరప. పోర్చుగీసు వారి రాకకు పూర్వం ఈ దేశంలో మిరపకాయ లేదు. కారానికి మిరియమే ఆధారం. కనుక మనం తినే గోంగూర పచ్చడిలో ఆకు ఆఫ్రికాది, కారం మెక్సికోది. అయినా ఆ పచ్చడిని పరాయిదని ఏ తెలుగువాడూ అనడు.

పదాల చరిత్ర కూడ ఇటువంటిదే. ‘త్రాగుట’ అనే అర్థం గల అరబీ ధాతువు నుండి షర్బత్ పుట్టింది. అదే ధాతువు నుండి పుట్టిన ‘షరాబ్’ స్పెయిన్ చేరి, తీపిపాకం అనే అర్థంలో ‘హరాబే’గా మెక్సికోలో వాడుకలో ఉన్నది. మెక్సికో వారు చక్కెరను ‘అసూకర్’ అంటారు. అది అరబీ ‘అస్సుక్కర్’ నుండి వచ్చింది. అరబీ పదానికి మూలం సంస్కృత ‘శర్కర’. ఒక్క గ్లాసు షర్బత్‌లో ఇన్ని దేశాలు, ఇన్ని భాషలు కలిసి ఉన్నాయి. ఎక్కడ పుట్టిందన్న ప్రశ్న కన్న, ఏ నేలలో వేళ్ళూనింది, ఎవరి ఆకలిదప్పులు తీర్చింది అన్న ప్రశ్నయే గొప్పది. ఉర్దూ, తెలుగు రెండింటినీ ఒకే ప్రాంగణంలో చదువుకొనే మన విద్యార్థులకు ఇది ఒక పాఠం.

తయారు చేయు విధానం

కావలసినవి: ఎండిన గోంగూర దొప్పలు 40 గ్రాములు, నీరు 2 లీటర్లు, పంచదార 150 గ్రాములు, చిన్న దాల్చినచెక్క ముక్క, ఒక నిమ్మకాయ. ఇవి సుమారు పది గ్లాసులకు సరిపోతాయి.

1. పచ్చి దొప్పలు దొరికినచో లోపలి కాయను తీసివేసి, కడిగి, నీరు ఓడ్చి, పలుచని గుడ్డ కప్పి గలగలలాడే వరకు ఎండబెట్టాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. ఎండిన వాటిని మూత బిగువైన సీసాలో దాచాలి.

2. ఒక లీటరు నీటిని స్టీలు గిన్నెలో మరిగించి, పొయ్యి మీది నుండి దించాలి. దొప్పలను చన్నీట త్వరగా కడిగి, దాల్చినచెక్కతో సహా అందులో వేసి, మూతపెట్టి, ఇరవై నిమిషాలు ఉంచాలి. అల్యూమినియం, రాగి, కళాయి లేని ఇత్తడి పాత్రలను వాడరాదు. పులుపు ఆ లోహాలను కరిగిస్తుంది.

3. పలుచని గుడ్డలో వడగట్టి, వేడిగా ఉండగనే పంచదార కలపాలి. బెల్లం వేస్తే రుచి బాగుండును గాని, రంగు నల్లబడుతుంది.

4. మిగిలిన లీటరు చన్నీరు కలిపి, పూర్తిగా చల్లారిన తరువాత ఐసు ముక్కలు వేసి, నిమ్మరసం పిండి త్రాగాలి. కుండలో చల్లబరచిన నీటితో చేసినా రుచికి లోటు లేదు. శీతల యంత్రంలో ఉంచితే మూడు నాలుగు దినాలు నిలుస్తుంది.

వడగట్టిన దొప్పలను పారవేయనక్కరలేదు. ఎండుమిర్చి, వెల్లుల్లి పోపుతో నూరితే పచ్చడి అవుతుంది. మెక్సికోలో కూడ వాటిని వేయించి రొట్టెలో చుట్టుకొని తింటారు.

రంగు – గుణం

ఈ షర్బత్ ఎరుపుకు కారణం ఆంథోసయనిన్ అనే వర్ణద్రవ్యాలు. ఆమ్లంలో అవి ఎర్రగా ఉంటాయి. చక్కెర కలపని రసాన్ని కొద్దిగా గాజు గ్లాసులో తీసుకొని చిటికెడు వంటసోడా వేస్తే ఎరుపు పోయి నీలి, ఆకుపచ్చ ఛాయలు కనిపిస్తాయి. నిమ్మరసం పిండితే మరల ఎరుపు వస్తుంది. రసాయనశాస్త్ర విద్యార్థి లిట్మస్ కాగితం లేకుండ ఆమ్లక్షార పరీక్షను ఇంటిలోనే చేసి చూడవచ్చు.

ఆరోగ్యం విషయంలో అతిశయోక్తులు తగవు. 2010లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, రక్తపోటు కొద్దిగా ఎక్కువగా ఉన్న 65 మందిలో కొందరికి ఆరు వారాల పాటు దినానికి మూడు కప్పులు ఈ తేనీరు ఇచ్చారు. వారి పై రక్తపోటు సగటున 7 పాయింట్లు తగ్గింది. రంగు, రుచి మాత్రమే గల నకిలీ పానీయం త్రాగిన వారిలో సుమారు 1 పాయింటు తగ్గింది. ఇది సహాయకారి అనవచ్చు గాని, మందుకు బదులు కాదు. రక్తపోటు మాత్రలు వాడేవారు, గర్భిణీ స్త్రీలు వైద్యుని అడిగి త్రాగవలెను. మధుమేహం గలవారికి పంచదారే మొదటి శత్రువని మరువరాదు.

ముగింపు

కళాశాల కార్యవర్గానికి ఒక మనవి. ప్రహరీగోడ వెంట ఒక వరుస ఎర్రగోంగూర తొలకరికి విత్తిస్తే ఖర్చు స్వల్పం. ఆకు విద్యార్థుల వసతిగృహానికి కూర అవుతుంది. శీతకాలపు దొప్పలు ఇఫ్తార్ విందుకు, వార్షికోత్సవానికి షర్బత్ అవుతాయి. వంద మందికి పంచుటకు 400 గ్రాముల ఎండుదొప్పలు, కిలోన్నర పంచదార చాలును. వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, చరిత్ర, భాష – ఈ నాలుగు పాఠాలనూ ఆ ఒక్క వరుస మొక్కల వద్ద నిలబడి చెప్పవచ్చు. పెరటి మొక్క విలువను పరదేశి చెప్పే వరకు ఆగక, ముందుగా మనమే తెలుసుకొనుట విద్యావంతుల లక్షణం.