ముందు ఆఖరి స్టాపు

విశాఖ వచ్చిన చుట్టాలు భీమిలి చూస్తామంటే నేను కారు మాట ఎత్తనివ్వను. కారైతే తీరమంతా గంటలో చుట్టేసి, నాలుగు ఫొటోలు తీసుకుని, భోజనాల వేళకు హోటల్లో తేలతారు. సిటీ బస్సులో పోతే రోజంతా పడుతుంది. ఆ రోజును ఎలా వాడుకోవాలో, ఇన్నేళ్ల తిరుగుళ్లలో నాకు తెలిసిందేదో రాస్తున్నాను.

1. బోర్డు చదివి ఎక్కండి.

భీమిలి బస్సులన్నీ ఒకే దారిన పోవు. కొన్ని మధురవాడ, తగరపువలస మీదుగా హైవే పట్టుకుంటాయి. వాటిలో కూర్చుంటే ఊరు చేరతారు గానీ దారిలో సముద్రం కనబడదు. “బీచ్ రోడ్డు మీదుగానా?” అని కండక్టర్ని అడిగి మరీ ఎక్కండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. నేను చిల్లర లెక్కపెట్టుకుంటుంటే మా ఆవిడ ఆ టికెట్టును పర్సులో భద్రంగా దాచుకుంటుంది.

2. దారిలో దిగకండి, ముందు ఆఖరి స్టాపుకే పోండి.

నేను చెప్పేవాటిలో ముఖ్యమైనది ఇదే. పిల్లలు కనబడిన ప్రతి ఇసుక తిన్నె దగ్గరా దిగుదామంటారు. అలా దిగితే రుషికొండ దగ్గరే ఎండ నెత్తికెక్కుతుంది, ఓపిక అయిపోతుంది, భీమిలి ఇంకా దూరానే ఉంటుంది. పొద్దున్నే దూరం పోయి, దిగుతూ ఎక్కుతూ వెనక్కి వస్తే అలసట పెరిగేకొద్దీ ఇల్లు దగ్గరపడుతుంది. ఎక్కడ చాలనిపిస్తే అక్కడ బస్సెక్కి ఇంటికి వచ్చేయొచ్చు.

ఇంకో లాభం కూడా ఉంది. పోయేటప్పుడు సముద్రం కుడివైపు, అంటే డ్రైవరు వైపు ఉంటుంది. పొద్దుటి ఎండా అటునుంచే కొడుతుంది. కిటికీ పక్కన కూర్చున్నా కళ్లు చికిలించుకోవడమే మిగులుతుంది. మధ్యాహ్నం దాటాక ఎండ కొండల వైపు మళ్లుతుంది. తిరుగు ప్రయాణంలో ఎడమవైపు సీటు దొరికితే నీడకు నీడ, నీలానికి నీలం.

3. భీమిలిలో తొందరపడకండి.

1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరిది. ఇప్పుడు చూస్తే అంత హడావిడి ఏమీ ఉండదు. గంటస్తంభం, పాత లైట్‌హౌస్, పెచ్చులూడిన పెద్ద గోడల ఇళ్లు, వీధి చివర సముద్రం. బట్టల వ్యాపారం కోసం 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ దిగారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. వాళ్ల నోట ఇది బిమ్లిపట్నం. ఇక్కడి రేవు నుంచి ఓడలెక్కిన గోగునారకు కూడా ‘బిమ్లి జ్యూట్’ అనే పేరు అతుక్కుంది. ఓడలు మానేశాయి, వ్యాపారం విశాఖ రేవుకు తరలింది, డచ్చివాళ్ల సమాధులు మాత్రం ఉండిపోయాయి. వాటిలో కొన్ని గోపురాల్లా పైకి లేచి ఉంటాయి. రాళ్ల మీది అక్షరాలు మనకు అర్థం కాకపోయినా తేదీలు చదవొచ్చు. పిల్లలకు చరిత్ర పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు ఈ తీరంలో నేను చూడలేదు. అయినా అందరూ దాని పక్కనుంచే బీచ్‌కి నడిచిపోతారు.

చేపలు కొనాలనుకునేవాళ్లు పొద్దున్నే పడవలు వచ్చే వేళకు పోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం కాబట్టి, ఆ రోజుల్లో పులిహోర కట్టుకుపోవడమే మేలు.

4. ప్రశాంతంగా ఉన్న నీళ్లను నమ్మకండి.

బొర్రా గుహల వైపు నుంచి వచ్చే గోస్తనీ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఏటి మొగ దగ్గర ఇసుక ఎప్పటికప్పుడు జరుగుతుంటుంది. నిరుడు మోకాలి లోతున్న చోట ఈ ఏడు నిలువెత్తు లోతు ఉండొచ్చు. మన తీరమంతటా ఇంకో ప్రమాదం ఉంది. ఒడ్డుకు తోసుకొచ్చిన నీరు ఒక సన్నటి దారి చేసుకుని వెనక్కి లాక్కుపోతుంది. ఆ దారిలో అలలు విరగవు, అందుకే చూసేవాళ్లకు అదే స్నానానికి అనువైన చోటులా కనిపిస్తుంది. అందులో చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. అన్నిటికంటే ముందు అక్కడ వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారులను అడగండి. వాళ్లు వద్దంటే మరి వాదించొద్దు.

5. ఎర్రమట్టి దిబ్బలకు ఒక పూట ఇవ్వండి.

తిరుగుదారిలో, భీమిలి దాటిన కాసేపటికే ఇవి వస్తాయి. గాలి, నీరు వేల ఏళ్లు పోగేసిన ఇసుక ఇది. ఇనుము తుప్పు పూత వల్ల ఎర్రబడింది. వానలు దాన్ని కోసి లోయలు చేశాయి. 2014లో దీన్ని జాతీయ భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తించారు. అంచులు గుల్లగా ఉంటాయి, ఎక్కి నిలబడితే విరిగిపడతాయి. వాగు అడుగున నడిస్తే చాలు, గోడలు అక్కడినుంచే బాగా కనిపిస్తాయి.

6. ఏదో ఒకటి వదిలేయండి.

తొట్లకొండ బౌద్ధారామానికి బస్సు పోదు. కిందినుంచి ఆటో మాట్లాడుకోవాలి. మోకాళ్ల నొప్పులుంటే దాన్ని ఇంకో రోజుకు పెట్టుకోండి. రుషికొండలో జనం ఎక్కువ, టీ తాగి కదలొచ్చు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి చూడాలంటే లోపల గుమ్మం గుమ్మానికీ నడుం వంచి కాలెత్తి దాటాలి. నేను బయట మురీ మిక్చర్ తింటూ కూర్చుంటాను. సోమవారం దానికి సెలవు.

7. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపు పోండి. మే నెలలో ఉక్కపోత, అక్టోబరులో తుపాను భయం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. సంచిలో గొడుగు, మంచినీళ్లు, చిల్లర ఉండాలి. భీమిలిలో దిగగానే తిరుగు బస్సుల వేళలు కండక్టర్ని అడిగి రాసుకోండి. ఆదివారం మాత్రం వద్దు, సీటు దొరకదు.