బరువు తగ్గించు శస్త్రచికిత్సకు ముందు మానసిక పరిశీలన

గండిపేట జలాశయమునకు సమీపముననున్న నార్సింగి 2018 వరకు గ్రామపంచాయతీగా నుండి, ఆ సంవత్సరమున పురపాలక సంఘమైనది. ఒకప్పటి పొలములలో నేడు బహుళ అంతస్తుల భవనములు లేచినవి. చెంతనే అవుటర్ రింగురోడ్డు సాగుచున్నది. చుట్టుపట్ల పల్లెల యువజనులు అనేకులు ఆ ప్రాంతమునకే పనికి పోవుచున్నారు. ఒకరు కంప్యూటరు ముందు, ఒకరు క్యాబులో, ఒకరు రాత్రి కాపలా కుర్చీలో గంటల తరబడి కూర్చుండుచున్నారు. నడక తగ్గినది, నిద్రవేళ తప్పినది, రాత్రి భోజనము అర్ధరాత్రికి జరిగినది.

దీని ఫలితము శరీరములపై కనబడుచున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ప్రాంతపు ఐ.టి. ఉద్యోగులు 345 మందిని పరీక్షించి, 2025 లో ఫలితములను ప్రకటించిరి. వారిలో నూటికి 84 మందికి కాలేయమున కొవ్వు చేరినదనియు, నూటికి 71 మందికి స్థూలకాయము కలదనియు తేలినది. ఇది పట్టణము వారి జబ్బు అని మనము నిశ్చింతగా నుండరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 30 మంది, పురుషులలో నూటికి 32 మంది ఉండవలసిన దానికంటె అధికమైన బరువు కలిగియున్నారు.

ఈ చికిత్స ఎవరికి?

ఆహార నియమము, వ్యాయామము, మందులు ఫలింపని వారికి వైద్యులు బేరియాట్రిక్ శస్త్రచికిత్సను సూచించుదురు. ఒక పద్ధతిలో జీర్ణాశయమున ముప్పాతిక భాగమును తొలగింతురు. మరియొక పద్ధతిలో జీర్ణాశయమును చిన్న సంచిగా చేసి, ఆహారమునకు వేరు దారి కల్పింతురు. కిలోలలోనున్న బరువును మీటర్లలోనున్న ఎత్తుచే రెండుమార్లు భాగింపగా వచ్చు సంఖ్య ఇందుకు కొలబద్ద. 160 సెంటీమీటర్ల ఎత్తు, 96 కిలోల బరువు గలవారికి అది 37.5 అగును. మన దేశమున సాధారణముగా 37.5 దాటినవారికి, లేక మధుమేహము, రక్తపోటు వంటి వ్యాధులుండి 32.5 దాటినవారికి ఈ చికిత్సను ఆలోచింతురు. ఇది ధనికులకే పరిమితమైనది కాదు. ప్రభుత్వ వైద్యాలయమైన ఉస్మానియా ఆసుపత్రిలోను 2023 లో ఈ శస్త్రచికిత్స జరిగినది.

ఇది పిచ్చికి చేయు పరీక్ష కాదు

కత్తి పట్టుటకు ముందు శస్త్రవైద్యుడు రోగిని మానసిక వైద్యుని వద్దకో, భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు వద్దకో పంపును. "మా అమ్మాయికేమి పిచ్చా?" అని తల్లిదండ్రులు కోపగించుట, "ఊరిలో తెలిసిన సంబంధములు రావు" అని భయపడుట ఇక్కడనే కలుగుచున్నది. ఈ భయము నిరాధారము. శస్త్రచికిత్స జీర్ణాశయమును మార్చును గాని అలవాట్లను మార్చజాలదు. మారిన జీర్ణాశయముతో జీవితాంతము మెలగగల సిద్ధత రోగికున్నదా, లేనిచో ఎట్టి సహాయము కావలెను అని తెలిసికొనుటయే ఈ పరిశీలన ఉద్దేశము. ఇందు ఉత్తీర్ణులు, అనుత్తీర్ణులు అను మాట లేదు. పలువురికి అనుమతి లభించును. కొందరికి కొంతకాలము చికిత్స పొంది రమ్మని చెప్పుదురు. అది నిరాకరణ కాదు, వాయిదా మాత్రమే.

ఎట్లు సిద్ధపడవలెను?

సంభాషణ సాధారణముగా ఒక గంట పట్టును. కొన్ని ప్రశ్నాపత్రములను కూడ పూరింపవలసియుండును. పోవుటకు ముందు ఈ క్రింది విషయములను కాగితముపై వ్రాసికొనుట మేలు.

1. బరువు ఏ వయస్సున పెరుగసాగినది. తగ్గుటకు ఏమేమి చేసితిరి. మరల ఎందుకు పెరిగినది.

2. ఏ వేళ ఏమి తిందురు. దుఃఖము, కోపము, ఒంటరితనము కలిగినప్పుడు తిండిపైకి మనస్సు పోవునా. ఆపలేక తినుట కలదా.

3. ఇప్పుడు వాడుచున్న మందులన్నియు. నిద్రకు, దిగులుకు వాడు మాత్రలను మరువరాదు.

4. మద్యము, బీడీ, గుట్కా. కల్లును మద్యముగా లెక్కింపని వారు కలరు. అదియు చెప్పవలసినదే.

5. గతమున మానసిక చికిత్స పొందితిరా. ప్రాణము తీసికొనవలెనను తలంపు ఎన్నడైన కలిగినదా.

6. శస్త్రచికిత్స పిదప ఇంట తోడుండువారెవరు, వంట చేయువారెవరు.

దాచిన మాట తెచ్చు ముప్పు

అనుమతి రాదేమోనని కొందరు నిజము దాచుదురు. ఆ నష్టము వైద్యునిది కాదు, రోగిదే. ఈ శస్త్రచికిత్స పిదప మద్యము త్వరగా రక్తమున కలియును, కొద్దిపాటికే మత్తెక్కును. అమెరికాలో 1,945 మందిని పరిశీలించి 2012 లో ప్రకటించిన అధ్యయనమున, చికిత్స జరిగిన రెండవ యేట మద్యపాన వ్యసనము ముందటికంటె పెరిగినట్లు వెల్లడియైనది. దిగులుకు వాడు మాత్రలు కూడ మునుపటివలె ఒంటికి పట్టకపోవచ్చును. దిగులు ముదిరి ఆత్మహత్యకు పాల్పడు ప్రమాదము కూడ కొందరియందు కలదు. ముందే తెలిసినచో వైద్యులు జాగ్రత్త వహింతురు. తెలియనిచో రక్షించు మార్గముండదు.

ఒక ఇంటిని ఊహింతము. కూతురికి ఇరువది నాలుగేండ్లు. "పెండ్లి నాటికి సన్నబడవలెను" అని పెద్దలు ఆమెను ఆసుపత్రికి తెచ్చినారు. నిపుణుడు పెద్దలను బయట కూర్చుండబెట్టి ఆమెతో ఒంటరిగా మాటాడును. ఇది మర్యాదలోపము కాదు. ఈ చికిత్స ఆమె కోరిక యేనా అని తెలియవలెను గదా! చికిత్స పిదప కనీసము ఏడాది, ఏడాదిన్నర గర్భము ధరింపరాదను సంగతి కూడ ఆ ఇంట తెలిసియుండవలెను. మేజరైన వ్యక్తి శరీరముపై నిర్ణయము ఆ వ్యక్తిదే.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

సభ్యులు వైద్యులు కానక్కరలేదు. కాని గ్రామమున వారి మాటకు విలువ కలదు. మానసిక వైద్యుని చూచుట కంటివైద్యుని చూచుట వంటిదేయని వారు చెప్పినచో జనులు విందురు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ సమావేశమున ఆశా కార్యకర్త సమక్షమున ఈ విషయమును చర్చింపవచ్చును. 2022 లో ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై ఉచితముగా మానసిక సలహా నొసగును. ఆ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుట ఖర్చులేని పని.

చికిత్స ముగిసి ఇంటికి వచ్చినవారి విషయమున గ్రామమునకు మరొక బాధ్యత కలదు. వారు తొలిదినములలో ద్రవాహారముతో గడుపవలెను. పిదప కూడ కొద్దికొద్దిగా, నమిలి తినవలెను. విటమిను మాత్రలను జీవితాంతము వాడవలెను. విందులో వారి విస్తరి ముందు నిలిచి "మరొక్క ముద్ద" అని బలవంతపెట్టుట మన ఆదరణకు గుర్తు కావచ్చును గాని, వారికది అపాయము. వారి దేహమును గూర్చి హాస్యమాడకుండుట, వారు చాలునన్నప్పుడు చాలునని గ్రహించుట, వారు చెప్పిన మాటను రచ్చబండకు ఎక్కింపకుండుట — ఈ మూడును పాటించిన గ్రామమున, రోగి వైద్యుని ముందు నిర్భయముగా నిజము చెప్పగలుగును.