మ్యాచ్ అయ్యాక యోగా: ఆటగాళ్లకి విశ్రాంతి పాఠం

ఈ వారం వీడియోలో శవాసనం గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక ఒక ప్రశ్న పక్కన పెట్టాను. ఆటే ఉద్యోగమైనవాళ్లు సీజన్ నడుస్తుండగా యోగా ఎలా చేయాలి? ఈ పాఠం దాని గురించే. మనలో చాలామంది ఆటగాళ్లం కాకపోయినా, ఇందులో మనకీ పనికొచ్చేది ఉంది.

సీజన్ బరువు ఎంత?

ఐపీఎల్‌నే చూడండి. రెండు నెలల్లో ఒక్కో జట్టుకి లీగ్ దశలోనే 14 మ్యాచ్‌లు. రాత్రి 7:30కి మొదలైన ఆట 11 దాటాక గానీ ముగియదు. హోటల్‌కి వెళ్లి తిని పడుకునేసరికి ఒంటిగంటో రెండో అవుతుంది. చాలాసార్లు మర్నాడే విమానం. పైగా ఏప్రిల్, మే నెలల ఎండ!

ఫాస్ట్ బౌలర్ సంగతి ఇంకా కష్టం. బంతి వేసే క్షణంలో ముందు కాలి మీద శరీర బరువుకి ఎన్నో రెట్లు భారం పడుతుంది, నడుము వంగి తిరుగుతుంది. బుమ్రా నడుము గాయంతో 2022 టీ20 ప్రపంచకప్‌కి దూరమయ్యాడు, 2023లో సర్జరీ చేయించుకున్నాడు. అంటే ఇది కెరీర్ నిలబడే, కూలిపోయే విషయం.

శరీరం బలపడేది ఆడేటప్పుడు కాదు, ఆడాక జరిగే మరమ్మతులో. ఆ మరమ్మతుకి ముఖ్యమైన సమయం నిద్ర. మ్యాచ్ అయ్యాక రానిది కూడా అదే.

మన శాస్త్రాలు ఏమన్నాయి?

పతంజలి ఆసనానికి రెండే లక్షణాలు చెప్పాడు: స్థిరం, సుఖం. ఆటగాడి దగ్గర స్థిరత్వానికి లోటు లేదు, రోజంతా జిమ్‌లో సంపాదించేది అదే. లోటంతా సుఖం దగ్గరే. శవాసనం అలసటను పోగొట్టి మనసుకి విశ్రాంతినిస్తుందని హఠయోగ ప్రదీపిక చెబుతుంది. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు తిండి, నిద్ర, పని అన్నీ మితంగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందంటాడు. కాబట్టి సీజన్‌లో యోగాని ఇంకో వర్కవుట్‌గా మార్చేస్తే అసలు ఉద్దేశమే పోతుంది.

మ్యాచ్ రాత్రి క్రమం: 28 నిమిషాలు

1. విపరీత కరణి, 6 నిమిషాలు. వెల్లకిలా పడుకుని కాళ్లు గోడకి ఆనించాలి, నడుము కింద మడత పెట్టిన దుప్పటి. కాళ్లలో చేరిన రక్తం తేలిగ్గా వెనక్కి వస్తుంది.

2. సుప్త బద్ధ కోణాసనం, 4 నిమిషాలు. అరికాళ్లు కలిపి, మోకాళ్ల కింద దిండ్లు పెట్టాలి. గజ్జల్లో గాయం ఉంటే ఇది వద్దు.

3. బాలాసనం, 3 నిమిషాలు. ఛాతీ కింద దిండు ఉండాలి. మోకాలి నొప్పి ఉంటే వదిలేయండి.

4. శ్వాస, 5 నిమిషాలు. 4 లెక్కపెడుతూ పీల్చి, 6 లెక్కపెడుతూ వదలాలి. ఒక్కో లెక్క ఒక సెకను అనుకుంటే నిమిషానికి 6 శ్వాసలు. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం కాస్త తగ్గుతుంది. అందుకే వదిలే సమయం పొడవు.

5. శవాసనం, 10 నిమిషాలు. దీని బదులు ముంగేర్‌లో స్వామి సత్యానంద సరస్వతి రూపొందించిన యోగనిద్ర కూడా చేయొచ్చు.

ప్రయాణం రోజున శ్వాస, చీలమండలు తిప్పడం చాలు. సెలవు రోజున ఇదే క్రమం ఇంకొంచెం నిదానంగా చేయాలి.

చేయకూడనివి

మ్యాచ్‌కి ముందు ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి పట్టుకుంటే కాసేపు దాని శక్తి తగ్గుతుంది. అప్పుడు కదులుతూ చేసే వార్మప్ మేలు. రాత్రిపూట కపాలభాతి వద్దు, అది మనిషిని లేపుతుంది. నడుము గాయం ఉన్న బౌలర్ వెనక్కి బాగా వంగే ఆసనాల జోలికి పోకూడదు. ఎక్కడైనా పోటు పుడితే ఆపి, ఫిజియోకి చెప్పాలి.

ఇంకో మాట నిజాయితీగా చెప్పుకోవాలి. సాగదీస్తే మర్నాటి ఒళ్లు నొప్పులు పోతాయని అందరూ అంటారు గానీ, పరిశోధనల్లో తేలిన లాభం చాలా స్వల్పం. ఆ నొప్పులు కొన్ని రోజులు ఉండి వాటంతటవే తగ్గుతాయి. నిద్రకీ, తిండికీ, నీళ్లకీ యోగా బదులు కాదు. నిద్రలోకి దారి వేయడమే దీని పని.

అసలు కష్టం మనసుది

అర్ధరాత్రి రిలీజ్ అయ్యాక ల్యాపటాప్ మూసినా, నా బుర్రలో లాగ్స్ తిరుగుతూనే ఉంటాయి. ఆటగాడికైతే వదిలేసిన క్యాచ్ తిరుగుతుంది, కోట్లమంది చూసిన క్యాచ్! విశ్రాంతి తీసుకుంటే ఇంకొకడు నా చోటు కొట్టేస్తాడేమో అన్న భయం కూడా ఉంటుంది. కర్మ మీదే అధికారం, ఫలం మీద కాదు అని మనం నోటితో ఎన్నోసార్లు అంటాం. శవాసనంలో దాన్ని ఒంటితో చేస్తాం. చేతులు తెరిచి పడుకోవడమంటే ఈ రోజు ఫలితాన్ని కింద పెట్టేయడమే.

అమెరికా బాస్కెట్‌బాల్‌లో ఒక్కో జట్టు సీజన్‌కి 82 మ్యాచ్‌లు ఆడుతుంది. అక్కడ కరీమ్ అబ్దుల్-జబ్బార్ 20 సీజన్లు ఆడి, 1989లో 42 ఏళ్ల వయసులో రిటైర్ అయ్యాడు. తాను అంతకాలం ఆడగలగడంలో యోగాకి పెద్ద వాటా ఉందని ఆయనే చెప్పాడు.

ఈ వారం సాధన

ఐదు రాత్రులు, ఫోన్ పక్కన పెట్టేసి, 4-6 శ్వాస 5 నిమిషాలు, శవాసనం 10 నిమిషాలు. మధ్యలో నిద్ర పట్టేస్తే కంగారు పడకండి, అది కావాల్సిందే! మీ ఇంట్లోనో కాలనీలోనో క్రికెట్, కబడ్డీ గట్టిగా ఆడేవాళ్లుంటే ఈ క్రమం వాళ్లకీ నేర్పండి.

శుభం. వచ్చే వారం కలుద్దాం.