"ఒప్పుకోను" అని రాసి పెట్టిన సంతకం

మన పొదుపు సంఘంలో లెక్కలు తనిఖీ చేయడానికి ఒక మనిషి కావాలి అనుకోండి. అధ్యక్షురాలు తన తమ్ముడినే తెచ్చి కూర్చోబెట్టింది. మీరు ఊరుకుంటారా? "నలుగురినీ అడిగి పెట్టాలి గదా అక్కా" అంటారు. లెక్క రాసేదీ వాళ్లే, తప్పు పట్టేదీ వాళ్లే అయితే, కంచే చేను మేసినట్టు అవుతుంది.

ఈ చిక్కు దేశానికీ వుంది. ఢిల్లీలో కేంద్ర విజిలెన్సు కమిషన్ అని ఒక ఆఫీసు వుంది. విజిలెన్సు అంటే కనిపెట్టి చూడటం. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో, ప్రభుత్వ బ్యాంకుల్లో జరిగే లంచాల మీద ఫిర్యాదులను ఈ కమిషన్ చూస్తుంది. దీన్ని 1964లో పెట్టారు. 2003లో దీనికి చట్టం చేశారు.

మరి ఈ కాపలా ఆఫీసుకు పెద్దను ఎవరు పెడతారు? ఉత్తర్వు రాష్ట్రపతి ఇస్తారు. పేరు చెప్పేది మాత్రం ముగ్గురు. ఒకరు ప్రధానమంత్రి. ఒకరు హోంమంత్రి. మూడోవారు లోక్‌సభలో ప్రతిపక్ష నాయకులు. ఎదుటి పక్షం వాళ్లను ఎందుకు పిలిచారు? మన చీర మీద వెనక పడ్డ మరక మనకు కనిపించదు. ఎదుటివాళ్లకే కనిపిస్తుంది.

2010 సెప్టెంబరు 3న ముగ్గురూ కూర్చున్నారు. ప్రధాని మన్మోహన్ సింగ్, హోంమంత్రి చిదంబరం, ప్రతిపక్ష నాయకురాలు సుష్మా స్వరాజ్. వాళ్ల ముందు మూడు పేర్లు వున్నాయి. అందులో పి.జె. థామస్ అనే అధికారి పేరును మంత్రులిద్దరూ ఖాయం చేశారు. సుష్మా స్వరాజ్ అడ్డు చెప్పారు. ఎందుకంటే ఆయన మీద పామోలిన్ కేసు వుంది.

పామోలిన్ అంటే మీకు చెప్పాలా! రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని నిలబడిన వాళ్లమే గదా. 1991-92లో కేరళ ప్రభుత్వం ఈ నూనెను విదేశం నుంచి కొన్నది. ఎక్కువ ధర పెట్టి కొన్నారని, ఖజానాకు నష్టం వచ్చిందని తర్వాత కేసు పెట్టారు. అప్పుడు థామస్ గారు అక్కడ ఆహార శాఖ కార్యదర్శి. నిందితులలో ఆయన పేరూ చేరింది. తన తప్పు లేదని ఆయన చెప్పారు. నిందితుడు వేరు, దోషి వేరు. ఈ తేడా మరచిపోకండి.

సుష్మా స్వరాజ్ మాట నెగ్గలేదు. ఇద్దరు ఒకవైపు, ఆమె ఒక్కతే ఒకవైపు. అప్పుడు ఆమె లేచి వెళ్లిపోలేదు. కాగితం మీద "నేను ఒప్పుకోవడం లేదు" అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టారు.

సంతకం నేర్చుకున్న కొత్తలో ఎవరు ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ పెట్టేవాళ్లం. సంతకం అంటే సరేననడమే అనుకున్నాం. కాదు. వద్దని రాసి కూడా సంతకం పెట్టవచ్చు.

సెప్టెంబరు 7న థామస్ గారు ప్రమాణం చేసి కుర్చీలో కూర్చున్నారు. కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాళ్లలో ఎన్నికల సంఘం మాజీ ప్రధాన అధికారి లింగ్డో కూడా వున్నారు. 2011 మార్చి 3న కోర్టు తీర్పు చెప్పింది. ఆ నియామకం చెల్లదన్నది.

కోర్టు ఏమన్నదో నిదానంగా చదవండి. థామస్ గారు తప్పు చేశారా లేదా అన్నది మేము తేల్చడం లేదు అన్నది. ఆ కుర్చీ మీద జనానికి నమ్మకం నిలుస్తుందా అన్నదే ప్రశ్న అన్నది. 2000 నుంచి 2004 వరకు, ఆయన మీద చర్య తీసుకోవాలని ప్రభుత్వ ఆఫీసులోనే కాగితాలు రాశారు. ఆ కాగితాలు ముగ్గురి ముందుకు రానేలేదు! కాగితాలు చూపకుండా మనుషులను కూర్చోబెడితే ఏం లాభం?

ఇంకో మాట. ముగ్గురూ ఏకం కావాల్సిన పని లేదని కూడా కోర్టు చెప్పింది. కాని కాదన్నవాళ్లు ఎందుకు కాదన్నారో కారణం రాయాలి. ఆ మాట తోసేసేవాళ్లూ తమ కారణం రాయాలి.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ పెద్ద కోర్టు జడ్జిగా అధ్యక్షుడు ఒకరి పేరు చెబితే, సెనేట్ అనే సభ వాళ్లు ఆ మనిషిని అందరి ముందూ కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. తర్వాత ఓటు వేస్తారు. 1987లో రాబర్ట్ బోర్క్ అనే ఆయనను 58 మంది వద్దన్నారు, 42 మంది కావాలన్నారు. ఆయనకు పదవి రాలేదు. మన దగ్గర ముగ్గురూ గదిలో కూర్చుని తేలుస్తారు. జనానికి వినబడదు. పైగా ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వాళ్లే. నాకైతే ఇది లోటే అనిపిస్తుంది. ఎన్నికల కమిషనర్లను ఎంచడానికి 2023లో చేసిన చట్టంలోనూ ఇదే లెక్క: ప్రధాని, ఆయన చెప్పిన ఒక మంత్రి, ప్రతిపక్ష నాయకులు.

ఢిల్లీ సంగతి మనకెందుకు అంటారేమో. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. మీ రేషన్ కార్డు ఎందుకు ఆగిందని ఆఫీసులో అర్జీ పెట్టారు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వలేదు. అక్కడి పై అధికారికి అప్పీలు పెట్టారు. అక్కడా న్యాయం జరగలేదు. అప్పుడు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రాసుకుంటారు. ఆ కమిషనర్ల పేర్లు చెప్పేదీ ముగ్గురే: ముఖ్యమంత్రి, ఆయన చెప్పిన ఒక మంత్రి, అసెంబ్లీలో ప్రతిపక్ష నాయకులు. గవర్నరు ఉత్తర్వు ఇస్తారు. మన అర్జీ చివరికి చేరేది వాళ్లు ఎంచిన మనిషి బల్ల మీదకే.