హెప్సిబా అను పేరు

పాఠ్యభాగములు: యెషయా 62:1-5, 2 రాజులు 21:1-16

మన సంఘములలో మరియ, మార్త, రూతు, ఎస్తేరు అను పేర్ల నడుమ అక్కడక్కడ హెప్సిబా అను పేరు వినబడుచున్నది. పిలుపులో అది హెప్సి యగును. అర్థమేమని అడిగినయెడల, "బైబిలులోని పేరేనండి అయ్యగారూ" అని తల్లిదండ్రులు చెప్పుదురు. తప్పు వారిది కాదు. మన తెలుగు బైబిలు ఈ మాటను అనువదింపక హెబ్రీలో నున్నట్టే ఉంచినది. దాని ప్రక్కనున్న బ్యూలాయు అట్టిదే. వివాహిత అని దాని అర్థము.

హెబ్రీలో 'హెఫ్సి' అనగా నా యిష్టము, 'బాహ్' అనగా ఆమెయందు. "నా యిష్టము ఆమెయందున్నది" అను వాక్యమంతయు ఒక్క పేరైనది.

లేఖనములలో ఇది రెండే చోట్ల నున్నది. హిజ్కియా కుమారుడైన మనష్షే తల్లి పేరు హెప్సిబా. రెండవది యెషయా ప్రవచనము. క్రీ.పూ. 586లో బబులోనువారు కాల్చివేసిన యెరూషలేము విడువబడినదని పేరు పొందెను. ఇకమీదట ఆ పేరు పోయి హెప్సిబా అని పిలువబడునని దేవుని వాగ్దానము. 'విడువబడినది' అనుటకు అక్కడి హెబ్రీ మాట అజూబా. చదువరులారా, అదియు ఒక రాణి పేరే! ఆమె యెహోషాపాతు తల్లి (1 రాజులు 22:42). ఆడబిడ్డకు అట్టి పేరు పెట్టినవారు ఏమి తలంచిరో గాని, ఆమె కుమారుడు యెహోవా దృష్టికి యథార్థముగా నడిచెను. హెప్సిబా కన్న మనష్షేయో 55 సంవత్సరములు ఏలి, యెరూషలేమును నిరపరాధుల రక్తముతో నింపెను. మంచి పేరు పెట్టితిమి, ఇక బిడ్డ తనంతట బాగుపడునని కూర్చుండువారు ఈ రెండిండ్లను చూడవలెను.

మతసంస్కరణ తరువాత ఇంగ్లాండులోని ప్యూరిటనులు పాతనిబంధన పేర్లను ప్రీతితో పెట్టుకొనిరి. వారితో హెప్సిబా అమెరికాకును వెళ్లెను. నేడు ఆ దేశములలో ఇది అరుదు. జార్జి ఎలియట్ అను రచయిత్రి 1861లో ప్రచురించిన 'సైలస్ మార్నర్' అను నవలలో, తల్లి మంచులో పడి చనిపోగా ఒక పసిది ఒంటరి నేతగాని గుడిసెలోనికి వచ్చును. కన్నతండ్రి చూచియు తనదని చెప్పడు. నేతగాడు ఆ పిల్లను పెంచుకొని, తన తల్లికిని చెల్లెలికిని ఉండిన హెప్సిబా పేరే పెట్టును. పలుకుట కష్టమని ఎప్పీ అని పిలుతురు. విడువబడినదానికి ఈ పేరు! రచయిత్రి యెషయాను బాగుగా చదివినదని మాకు తోచుచున్నది.

మన పల్లెలలో మూడవసారియు ఆడపిల్లయే పుట్టిన యింట పేరు కొరకు ఎవరును తొందరపడరు. నెలలు గడచినను 'పాప' అనియే పిలుతురు. అట్టి యింటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు మేము ఈ పేరు చెప్పి, దాని అర్థమును నాయనమ్మకు వినబడునట్లు గట్టిగా చెప్పుదుము. తరచుగా నిట్టూర్చునది ఆమెయే. అయితే అన్నను బడికి పంపి, హెప్సిబాను మిరపకాయలు కోయుటకు పంపు ఇండ్లును మేమెరుగుదుము. ఆ పిల్లను పిలిచినప్పుడు ఆమెకు ఏ పేరు వినబడుచున్నది? హెప్సిబాయా, అజూబాయా?

వచ్చే మాసము యోబు కుమార్తెలైన యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అను వారి పేర్లను చూతము. సహోదరులతోపాటు తండ్రి ఆస్తిలో పాలు పొందిన పిల్లలు వారు (యోబు 42:15).