కృష్ణబిలం ఎంత పెద్దది?

పైకి విసిరిన రాయి తిరిగి నేలమీద పడుతుంది. భూమ్యాకర్షణను దాటిపోవాలంటే రాయికి సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంతటి కాంతి కూడా తప్పించుకోలేని చోటును కృష్ణబిలం అంటారు.

1916లో జర్మనీ శాస్త్రజ్ఞుడు కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ ఐన్‌స్టీన్ సమీకరణాలకు ఒక సాధన ప్రకటించాడు. కృష్ణబిలం హద్దును లెక్కకట్టడానికి అదే ఆధారం. తన చుట్టూ తాను తిరగని కృష్ణబిలం వ్యాసార్ధం దాని ద్రవ్యరాశికి అనులోమానుపాతంలో ఉంటుంది. సూర్యుడంత ద్రవ్యరాశికి వ్యాసార్ధం 3 కిలోమీటర్లు. పదిమంది సూర్యులంత ద్రవ్యరాశికి 30 కిలోమీటర్లు. భూమికైతే 9 మిల్లీమీటర్లే. అంటే, భూమి అంతా ఒక గోలీకాయలో ఇమడాలన్నమాట!

మట్టి ఉండ వ్యాసార్ధాన్ని రెట్టింపు చేయాలంటే 8 రెట్లు మట్టి కావాలి. కృష్ణబిలానికి 2 రెట్ల ద్రవ్యరాశి చాలు. అప్పుడు ఘనపరిమాణం 8 రెట్లవుతుంది కనుక, సగటు సాంద్రత నాలుగో వంతుకు తగ్గుతుంది.

2019లో శాస్త్రజ్ఞులు ఎం87 గెలాక్సీ నడుమనున్న కృష్ణబిలం చిత్రాన్ని విడుదల చేశారు. దాని ద్రవ్యరాశి సుమారు 650 కోట్ల సూర్యులంత. పై లెక్క ప్రకారం వ్యాసార్ధం దాదాపు 1,900 కోట్ల కిలోమీటర్లు. సగటు సాంద్రత మాత్రం మనం పీల్చే గాలికంటె తక్కువ! అయినా కాంతి దాని నుండి బయటపడలేదు. కాబట్టి కృష్ణబిలమంటే ఎప్పుడూ మిక్కిలి సాంద్రమైనదే అనుకోవడం పొరపాటు.

అభ్యాసం
1. ద్రవ్యరాశి 3 రెట్లయితే కృష్ణబిలం వ్యాసార్ధం ఎన్ని రెట్లవుతుంది? సగటు సాంద్రత ఏమవుతుంది?
2. మన పాలపుంత నడుమనున్న కృష్ణబిలం ద్రవ్యరాశి సుమారు 43 లక్షల సూర్యులంత. దాని వ్యాసార్ధం లెక్కకట్టండి.