డబ్బాల లెక్క, తాత లెక్క

సమస్య

మాది రంగారెడ్డి జిల్లా యాచారం. మా పాప ఇక్కడే సర్కారు బడిలో ఐదో తరగతి చదువుతోంది. పన్నెండు దాకా ఎక్కాలు బాగానే అప్పజెబుతుంది. గొడవంతా రెండంకెల గుణకారం దగ్గరే. బడిలో ఒక డబ్బా గీసి, నాలుగు గడులు చేసి, సంఖ్యల్ని విడగొట్టి గుణించమంటున్నారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకున్నాను గానీ ఈ పద్ధతి ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో లెక్కలు చూసేది మా మామయ్య. ఆయన చదివింది ఏడో తరగతే అయినా నోటి లెక్కలో ఊళ్లో ఆయనకు పేరుంది.

మొన్న 47 ఇంటూ 26 చేయమంటే పాప డబ్బా గీసి 502 అని చూపించింది. మామయ్యకు కోపం వచ్చింది. "లెక్క చెయ్యమంటే బొమ్మలు గీస్తున్నవేందే? నలభై ఏడు ఇరవై ఆర్లు ఐదొందలెట్లయితది?" అని ఆ పేజీ కొట్టేసి, కింద నిలువుగా తన పద్ధతిలో చేయించారు. రెండో వరుసలో ఒకట్ల కింద ఇంటూ గుర్తు పెట్టమన్నారు. ఎందుకు తాతా అని పాప అడిగితే "పెట్టాలె, అంతే" అన్నారు. మర్నాడు బడిలో టీచర్ డబ్బా ఏదని అడిగారట. ఇప్పుడు పాప సగం అట్లా, సగం ఇట్లా చేసి రెండూ తప్పుతోంది. లెక్కల పుస్తకం తీస్తేనే ఏడుపు. నవోదయ పరీక్ష రాయించాలని మా ఆయన కోరిక. ఇబ్రహీంపట్నంలో ట్యూషన్‌కు పంపుదామంటున్నారు. ఇంతకీ ఏ పద్ధతి నేర్పించాలి? ఇంట్లో ఎవరి మాట వినాలి?

— ఒక తల్లి, యాచారం

సలహా

అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది ఆ 502. 47ను 40, 7గా, 26ను 20, 6గా విడగొడితే నాలుగు గడుల్లో 800, 140, 240, 42 రావాలి. అన్నీ కూడితే 1,222. పాప లెక్కలో 720 తక్కువైంది. 800 ఉండాల్సిన గడిలో 80 రాస్తే తగ్గేది సరిగ్గా అంతే. అంటే మిగతా మూడు గడులూ, చివరి కూడికా సరిగానే చేసినట్టు. నలభై ఇరవైల దగ్గర నాలుగు రెండ్లు ఎనిమిది అనుకుని, పక్కన ఒక్క సున్నా పెట్టి ముందుకు పోయింది. మామయ్య కొట్టేసిన పేజీ తీసి చూడండి, నాకు తెలిసి అదే ఉంటుంది.

కాబట్టి మీ పాపకు గుణకారం రాకపోవడం కాదు, పదుల్ని పదులతో గుణిస్తే వందలొస్తాయన్న ఒక్క ముక్క ఇంకా పట్టుబడలేదు. పొరపాటు ఏ మూల ఉందో ఇంత దూరం నుంచి నాకు తెలిసిందంటే అది ఆ డబ్బా పుణ్యమే. నిలువు పద్ధతిలో చేతిలో ఉంచుకున్న అంకె మరిచిపోయినా, ఎక్కం తప్పినా, వరుస జరపకపోయినా అన్నీ రెండు వరుసల్లో కలిసిపోతాయి. ఎక్కడ తప్పిందో పిల్లకూ తెలియదు, దిద్దే పెద్దలకూ తెలియదు.

దీన్ని సరిచేయడానికి ఒక గ్రాఫు కాగితం చాలు. ఒక్కో సెంటీమీటరు గడిలో వంద చిన్న గళ్లుండే మామూలు కాగితం. దాని మీద 47 చిన్న గళ్ల పొడవు, 26 చిన్న గళ్ల వెడల్పుతో దీర్ఘచతురస్రం గీయించండి. పొడవులో 40 దగ్గర, వెడల్పులో 20 దగ్గర గీతలు కొట్టించండి. పెద్ద ముక్కలో సెంటీమీటరు గడులు ఎన్నున్నాయో పాపనే లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి. ఒక్కోటి వంద. ఎనిమిది వందలు కళ్లెదుట కనిపించాక 80 రాయడానికి చెయ్యి రాదు. ఇలా 30 ఇంటూ 20, 50 ఇంటూ 40 వంటివి విడిగా కొన్ని చేయించండి. పూర్తి గుణకారం జోలికి అప్పుడే పోవద్దు.

ఇక మీ మామయ్య గారి సంగతి. కాగితం ముట్టకుండానే జవాబు ఐదొందలు కాదని పట్టేసిన మనిషి ఆయన. నలభై ఏడంటే యాభైకి దగ్గర, ఇరవై ఆరంటే ఇరవై ఐదుకు దగ్గర, యాభై ఇరవై ఐదులు పన్నెండు వందల యాభై. ఈ లెక్క ఆయన బుర్రలో క్షణంలో తిరిగిపోయి ఉంటుంది. ఇప్పటి పాఠ్యపుస్తకాలు అంచనా పేరుతో నేర్పించాలని తంటాలు పడుతున్నది ఇదే. కోపంలో అన్న ఆ ఒక్క మాటనే నెమ్మదిగా అని ఉంటే పాపకు ఆ రోజుకు అంతకన్నా మంచి పాఠం ఉండేది కాదు. కొట్టేయడం మాత్రం తప్పు. పెద్దాయనకు ఆ మాట మీరు చెప్పలేకపోతే ఈ పేజీ చదివి వినిపించండి.

ఆయన పద్ధతికీ బడి పద్ధతికీ పోట్లాట కూడా ఏమీ లేదు. నిలువుగా చేస్తే మొదటి వరుసలో 282 వస్తుంది. డబ్బాలో ఆరుతో గుణించిన రెండు గడులు, 240, 42, కలిపితే అదే 282. రెండో వరుసలో 94 రాసి ఒకట్ల కింద ఇంటూ పెట్టించారు కదా, అది నిజానికి 940. డబ్బాలో ఇరవైతో గుణించిన 800, 140 కలిస్తే వచ్చేదీ 940. ఆ ఇంటూ గుర్తు సున్నా కూర్చోవాల్సిన చోట కూర్చుంది. మనం గుణించింది రెండుతో కాదు, ఇరవైతో. "పెట్టాలె, అంతే" అన్నచోట ఈ మాట చెబితే పాప మళ్లీ అడగదు. మా తరానికి కూడా ఎవరూ చెప్పలేదు లెండి, అందరం ఇంటూలు పెట్టుకుంటూనే పాసయ్యాం.

మామయ్య గారిని ఒప్పించాలంటే గుంట లెక్క తీయండి. వెంచర్లు వచ్చినప్పటి నుంచీ మీ సాగర్ రోడ్డు పొడవునా గుంటలు, గజాల మాట లేని ఇల్లుండదు. గుంటంటే 121 గజాలని ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. పదకొండు గజాల పొడవు, పదకొండు గజాల వెడల్పు. ఆ నలుచదరాన్ని పది, ఒకటిగా రెండు వైపులా విడగొట్టి పాపతో గీయించమనండి. వంద, పది, పది, ఒకటి. 121. అడుగుల్లో అయితే 33 ఇంటూ 33: 900, 90, 90, 9, మొత్తం 1,089. మనవరాలి నోటుబుక్కులో ఉన్న డబ్బా ఏమిటో ఆయనకు అప్పుడు నా కంటే బాగా అర్థమవుతుంది.

ఇది నిన్నమొన్న దిగుమతి చేసుకున్న సరుకు అనుకుంటారేమో, కాదు. భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో గుణకారానికి ఇచ్చిన ఉదాహరణ 135 ఇంటూ 12. ఒక్క పద్ధతి చెప్పి ఆయన ఊరుకోలేదు. పన్నెండును ఎనిమిది, నాలుగుగా ముక్కలు చేసి విడివిడిగా గుణించి కలపమన్నాడు. 1,080, 540, కలిపితే 1,620. స్థానాల వారీగా విడగొట్టి చేయడం కూడా అక్కడే ఉంది. అంతకు ముందే తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన మన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. గుణకారానికి ఒకే దారి అన్న పట్టుదల వాళ్లకు లేదు. నిలువు పద్ధతే సనాతనమని మనం అనుకోవడం మనం చదివిన బడి అలవాటు, అంతే.

అయితే డబ్బాను నెత్తికెత్తుకోవాల్సిన పనీ లేదు. మూడంకెల్ని మూడంకెలతో గుణించాలంటే తొమ్మిది గడులు గీయాలి, తొమ్మిది సంఖ్యలు కూడాలి. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో రెండు గంటల్లో 80 ప్రశ్నలు, వాటిలో 20 అంకగణితానివి. అక్కడ డబ్బాలు గీస్తూ కూర్చుంటే కాలం సరిపోదు. పాప చివరికి తాత పద్ధతికి రావాల్సిందే. కానీ డబ్బా తప్పు లేకుండా చేయగలిగాక, ఒకే లెక్కను పక్కపక్కనే రెండు విధాలా చేయించి, ఏ గడి ఏ వరుసలోకి పోయిందో తనే గీతలు గీసి కలిపి చూపించాక రావాలి. అప్పటిదాకా ఇంట్లో నిలువు లెక్క ఆపేయండి. ఒకేసారి రెండూ చెబితే ఏదీ నిలవదు, మీరే చూస్తున్నారు.

బడి మీద కూడా నాకో ఫిర్యాదు ఉంది. పిల్లలకు కొత్త పద్ధతి చెప్పినప్పుడు తల్లిదండ్రుల్ని ఒక్కసారి పిలిచి అరగంట చూపిస్తే సగం ఇళ్లలో ఈ కన్నీళ్లుండవు. వాళ్లు పిలవకపోతే మీరే వెళ్లండి. డబ్బా వద్దని చెప్పడానికి కాదు, నాకూ ఒక లెక్క చేసి చూపించండి మేడం అని అడగడానికి. మీకు తెలుగు మీడియం అన్న బెరుకు అక్కర్లేదు. 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు ఎదురెదురు పేజీల్లో ఇంగ్లిష్, తెలుగు ఉండేలా పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు. తెలుగు పేజీ మీ కోసమే అనుకుని చదవండి. రాత్రి పాపను టీచర్‌గా కూర్చోబెట్టి మీకు డబ్బా నేర్పమనండి. మధ్యలో మీరు కావాలని 40 ఇంటూ 20 దగ్గర 80 రాయండి. పట్టుకుందంటే ఆ ముక్క వచ్చేసినట్టే.

మామయ్య గారికి రెండు పనులు అప్పగించండి. ఎక్కాలను వరుస తప్పించి అడగడం, ప్రతి లెక్కకూ ముందు "సుమారుగా ఎంతొస్తది?" అని అడగడం. ఆ రెంటిలో ఆయన ముందు ఏ టీచరూ నిలవరు. గుంట లెక్క తప్పితే డబ్బా జోలికి మాత్రం రావద్దని మీ వారితో చెప్పించండి.

ఇబ్రహీంపట్నం ట్యూషన్ ఇప్పుడు వద్దు. అక్కడి సార్ మూడో పద్ధతి చెబితే పాప పని అయినట్టే. గ్రాఫు కాగితం, గుంట లెక్క అయ్యాక కూడా తడబడుతుంటే నాకు మళ్లీ రాయండి. ఈసారి తప్పు చేసిన పేజీనే ఉత్తరంతో పాటు పంపండి, కొట్టేయకుండా.